శ్రుతి పెట్టె: పాటను దించాలా, ఎక్కించాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కరోకే గురించే, అంటే గొంతు తీసేసిన పాట సంగీతం (ట్రాకు) పెట్టుకుని మనం పాడటం గురించి. ముప్పై ఏళ్లు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించి, ఇప్పుడు కడప ఏడు రోడ్ల దగ్గర ఒక మేడ మీద గదిలో రికార్డింగు చేసుకుంటున్నాను. ఒకప్పుడు గాయకుడు స్టేజీ ఎక్కుతూ "అన్నా, ఒక మెట్టు దించు" అంటే వేళ్లు జరిపేవాళ్లం. ఇప్పుడు ట్రాకుకు చెవులు లేవు కదా, మనమే జరపాలి. ఆ జరపడంలో వచ్చే చిక్కులే ఈసారి అన్నీ.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. బ్యాంకులో రిటైరయ్యాక కరోకే పిచ్చి పట్టుకుంది. ఒక పాత సినిమా పాట, ఆడగొంతు సోలో, మా ఆవిడకు ప్రాణం. వచ్చే నెల మా షష్టిపూర్తిలో దాన్ని నేనే పాడాలని ఆశ. ట్రాకు శ్రుతి ఆరు అని మా అబ్బాయి యాప్‌లో చూసి చెప్పాడు. ఇంట్లో హార్మోనియం మీద నాకు ఒకటిన్నర సుఖంగా ఉంటుంది. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ట్రాకును మెట్లు దించుకుంటూ పోయాను. మైనస్ 3లో అందలేదు. మైనస్ 5లో చరణం దగ్గర గొంతు చీరుకుపోయింది. మైనస్ 8 దగ్గర గొంతు హాయిగా కుదిరింది. కానీ తబలా వానలో తడిసిన డప్పులా ఉంది, వయొలిన్లు బావిలోంచి వినిపిస్తున్నాయి. ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పండి, కొనడానికి సిద్ధమే.
(విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ప్రొద్దుటూరు)

జవాబు: సార్, డబ్బులు దాచిపెట్టుకుని షష్టిపూర్తిలో ఇంకో స్వీటు వేయించండి. మీ సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది. మీరు వెళ్లాల్సిన ఊరికే వెళ్లారు, కాకపోతే చుట్టుదారిలో వెళ్లారు.

హార్మోనియం ముందు పెట్టుకోండి. తెల్లమెట్లు ఒకటి నుంచి ఏడు, వాటి మధ్య నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర లాంటివి. ఆరు నుంచి ఎడమవైపుకు, నల్లమెట్లు తెల్లమెట్లు అన్నీ లెక్కపెడుతూ ఎనిమిది దిగండి. ఒకటిన్నర వస్తుంది. మళ్లీ అదే ఆరు నుంచి కుడివైపుకు ఎక్కండి. ఆరున్నర, ఏడు, పైస్థాయి ఒకటి, ఒకటిన్నర. నాలుగే మెట్లు. ఒక స్థాయిలో మొత్తం 12 మెట్లు కాబట్టి 8 దిగినా, 4 ఎక్కినా చేరేది ఒకటిన్నరకే. ట్రాకును మైనస్ 8 కాదు, ప్లస్ 4 చెయ్యండి.

"ఆడవాళ్ల పాట నాకే ఎత్తుగా ఉందంటే ఇంకా పెంచమంటాడేమిటి" అనుకుంటారు. ఆమె పాడిన స్థాయిలోనే మీరు పాడాలని చూశారు, అందుకే అందలేదు. ఇంట్లో భజనలో ఆడవాళ్లతో కలిసి పాడేటప్పుడు మీరు తెలియకుండానే ఒక స్థాయి కింద పాడతారు. ఇక్కడా అంతే. కానీ ఆరు శ్రుతిలో ఒక స్థాయి కిందికి దిగితే మంద్రంలో మీ గొంతు వినపడదు, గాలి మాత్రమే వస్తుంది. అందుకని ట్రాకును నాలుగు మెట్లు పైకి లేపితే మీ కింది స్థాయి షడ్జం (సా) ఒకటిన్నర మీద కూర్చుంటుంది. మగవాళ్లు ఆడపాట పాడాలంటే చాలాసార్లు ట్రాకును దించడం కాదు, ఎక్కించాలి. ఆడవాళ్లు మగపాట పాడాలంటే ఎక్కించడం బదులు దించడం దగ్గర దారి అవుతుంది. నా గదికి వచ్చేవాళ్లలో పదిమందికి ఏడుగురు ఈ ఒక్కచోటే తప్పు మీట నొక్కుతారు.

లెక్కలో ఇంకో చిన్న గుంట ఉంది. మూడు తర్వాత మూడున్నర అనేది లేదు, నేరుగా నాలుగే. ఏడు తర్వాత ఏడున్నర లేదు, పై ఒకటే. వేళ్ల మీద "ఆరు, ఆరున్నర, ఏడు, ఏడున్నర" అని లెక్కపెట్టుకుంటే ఒక మెట్టు తప్పుతారు. మెట్లు చూస్తూనే లెక్కపెట్టండి.

మైనస్ 8లో తబలా ఎందుకు చచ్చిపోయిందంటే, సాఫ్ట్‌వేర్ శ్రుతి మార్చేటప్పుడు ధ్వనిని సెకనులో వందోవంతుల లెక్కన చిన్నచిన్న ముక్కలు చేసి, కొన్నిటిని మళ్లీ వాడుతూ, కొన్నిటిని వదిలేస్తూ ఒకదాని అంచు మీద ఒకటి అతుకుతుంది. శ్రుతి మారినా పాట నిడివి మారకూడదు కదా, ఆ తంటా అంతా అందుకే. వయొలిన్ లాగుడు మీద అతుకు పడితే తెలియదు. తబలా దెబ్బ మీద పడితే ఆ దెబ్బ పలచబడి రెండుగా వినిపిస్తుంది. ఎంత దూరం జరిపితే అన్ని అతుకులు. పైగా చిన్న సైజుకు కుదించిన (128 కేబీపీఎస్) ఎంపీ3 ట్రాకుల్లో మామూలుగా 16 వేల హెర్ట్జ్ దాటి ధ్వని ఉండదు. 8 మెట్లు దించితే ప్రతి స్వరం పౌనఃపున్యం 63 శాతానికి పడుతుంది, ఆ 16 వేలు 10 వేల దగ్గర ఆగిపోతాయి. తాళాలు, గజ్జెలు, వేణువులోని గాలి, వీటి మెరుపులో కొంత ఆ పైనే ఉంటుంది. బావిలోంచి వస్తున్నట్టు ఉందన్నారే, అది ఇదే.

ప్లస్ 4 కూడా పూర్తి శుభ్రంగా ఉండదు. వెనకాల కోరస్ ఆడపిల్లలు ఉంటే వాళ్ల గొంతులు బొమ్మల గొంతుల్లా సన్నబడతాయి, ఎందుకంటే స్వరంతోపాటు గొంతు గుహ ఆకారం కూడా చిన్నదైనట్టు వినిపిస్తుంది. ఒకటి శ్రుతికి సర్దుకోగలిగితే ప్లస్ 3 చాలు, ట్రాకు ఇంకొంచెం నయంగా ఉంటుంది. రెండూ చేసుకుని పొద్దున ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి పాడి చూడండి. ఫంక్షన్ భోజనాలయ్యాకే కదా ఉండేది.

ఇంకొక మాట. అబ్బాయి యాప్‌లో చూసిన ఆరును నమ్మే ముందు మీ చెవితో సరిచూడండి. షడ్జం ఆరు మీద ఉన్న 'ఎ మైనర్' పాటను షడ్జం ఒకటి మీద ఉన్న 'సి మేజర్' అని చెప్పే యాప్‌లు నేను చాలానే చూశాను, రెండింటిలోనూ స్వరాలు అవే కాబట్టి వాటికి తికమక. పల్లవి ఎక్కడ వచ్చి నిలబడుతుందో హార్మోనియం మీద వెతకండి. చాలా పాటల్లో అదే మీ షడ్జం.

మన జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో నాటక సమాజం మొదలైంది. నాటకాల్లో పద్యం పాడేవాళ్లకు తగ్గట్టు శ్రుతి మార్చే పని హార్మోనిస్టుదే. కృష్ణుడు వస్తే ఒక శ్రుతి, సత్యభామ వస్తే ఒక శ్రుతి. కొందరి దగ్గర స్కేల్ ఛేంజర్ పెట్టెలు ఉంటాయి. అందులో రీడ్లు (స్వరం పలికే ఇత్తడి రేకులు) కదలవు, పైన మెట్ల బల్ల మొత్తం పక్కకు జరుగుతుంది. మీరు ఆడాసిటీలో చేసేది ఆ బల్లను జరపడమే.

ప్రశ్న: అన్నా, నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. కాలేజీ డేకి పాడాలని ట్రాకును ఆడాసిటీలో మూడు మెట్లు దించాను. శ్రుతి కరెక్టుగా దిగింది కానీ పాట నిద్రపోతోంది. నాలుగున్నర నిమిషాల పాట ఐదు నిమిషాల పైనే వస్తోంది. డ్యాన్స్ వాళ్లు తిడుతున్నారు. ఏం తప్పు చేశాను?
(విద్యార్థి, అనంతపురం)

జవాబు: తమ్ముడూ, నువ్వు 'ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్' నొక్కినట్టున్నావు. మా రోజుల్లో కాసెట్ డెక్‌కు ఒక నాబ్ ఉండేది, తిప్పితే మోటారు నెమ్మదించి శ్రుతీ దిగేది, పాటా సాగేది. ఛేంజ్ స్పీడ్ అచ్చం ఆ నాబే. మూడు మెట్లు అలా దించితే 270 సెకన్ల పాట 321 సెకన్లు అవుతుంది, అంటే 5 నిమిషాల 21 సెకన్లు. డ్యాన్స్ వాళ్లు తిట్టడం న్యాయమే.

నీకు కావాల్సింది 'ఛేంజ్ పిచ్'. ట్రాకు తెరువు, కంట్రోల్ ఏ కొట్టి మొత్తం ఎంచుకో. ఎఫెక్ట్ మెనూలో 'పిచ్ అండ్ టెంపో' కింద ఛేంజ్ పిచ్ ఉంటుంది. అందులో సెమీటోన్స్ అని రాసి ఉన్న గడిలో మైనస్ 3 కొట్టు. కింద 'హై క్వాలిటీ స్ట్రెచింగ్' అనే టిక్కు ఉంటుంది, అది పెట్టు. కాసేపు ఆలస్యమవుతుంది, టీ తాగిరా.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్తాను. మైనస్ 2 చేసి సేవ్ చేసి, చాల్లేదని ఆ ఫైలు మీదే మళ్లీ మైనస్ 1 చెయ్యకు. అతుకు మీద అతుకు పడుతుంది. ప్రతిసారీ మొదట దిగిన అసలు ఫైలు నుంచే మొదలుపెట్టి ఒకేసారి మైనస్ 3 చెయ్యి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వేవ్ ఫైలుగా తియ్యి. ఫైలు పేరులోనే మెట్టు రాసుకో, 'పాట మైనస్ 3' అని. నా కంప్యూటర్లో 'ఫైనల్', 'ఫైనల్ కొత్త', 'ఫైనల్ నిజం' అని మూడు ఫైళ్లు ఉన్నాయి, ఏది ఏ శ్రుతో ఇప్పటికీ వింటేగానీ తెలియదు.

ప్రశ్న: నేనూ మావారూ ఒక యుగళగీతం పాడాలి, మా పెళ్లయి పాతికేళ్లు. ఆయనకు పాట తక్కువ శ్రుతిలో ఉందట, పెంచమంటారు. నాకు చరణం ఇప్పటికే పై అంచులో ఉంది, దించమంటాను. ఇద్దరికీ కుదిరేలా సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా ఉపాయం ఉందా?
(గృహిణి, కర్నూలు)

జవాబు: అమ్మా, ఈ తగువు మీ ఇంట్లోదే కాదు. కొన్నేళ్ల కిందట కడపలోనే ఒక రిసెప్షన్లో నేనూ దీంట్లో పడ్డాను. పెళ్లికొడుకు మేనమామ స్టేజీ ఎక్కుతూ "అన్నా, మూడు పెంచు, నాకు కిందికి పోదు" అన్నాడు. సరేనని ల్యాప్‌టాప్‌లో ప్లస్ 3 పెట్టాను. పల్లవి ఆయన భలే పాడాడు, ఈలలు పడ్డాయి. తర్వాత ఆయనతో పాడే టీచరమ్మ చరణం ఎత్తుకుంది. రెండో లైనులో పై గాంధారం దగ్గర గొంతు విరిగింది. పాట ఆపలేదు, మైకు కాస్త కిందికి దించి నా వైపు తిరిగి "అన్నా, ఇది నేను ఒప్పుకున్న పాటేనా?" అని మెల్లగా అడిగింది. ఆ మెల్లగా అన్నది రెండు బాక్సుల్లోంచి హాలంతా వినపడింది. తప్పు ఆ మేనమామది కాదు. ఆమెను ఒక్క మాట అడగకుండా మీట నొక్కింది నేను.

అప్పటి నుంచి యుగళగీతం ఎవరు అడిగినా మైకు లేకుండా ముందు రెండు లైన్లు పాడించుకుంటాను. ఆమె పాటలో అన్నిటికన్నా పై లైను, ఆయన పాటలో అన్నిటికన్నా కింది లైను. మిగతా పాట ఎలా ఉన్నా పర్లేదు, ఆ రెండు లైన్లు దాటితే పాట గట్టెక్కుతుంది. మీరిద్దరూ అలాగే పాడుకుని, ఆయన గొంతు వినిపించే కనీసపు మెట్టు ఏదో, మీ గొంతు చీరకుండా ఉండే గరిష్ఠపు మెట్టు ఏదో కాగితం మీద రాయండి. ఒక్క మెట్టు తేడా ఉంటే మీ వైపుకే మొగ్గండి. కింది స్వరం పలచబడితే మైకు దగ్గరికి పెట్టుకుని గట్టెక్కొచ్చు, పై స్వరం విరిగితే దాచడానికి ఏ మైకూ పనికిరాదు. ఇది మీ వారికి చూపించండి, నేను ఆడవాళ్ల పక్షం అనుకుంటే అనుకోనివ్వండి.

మూడు నాలుగు మెట్ల తేడా ఉంటే మాత్రం పాట మార్చుకోవడమే మేలు. చరణానికో శ్రుతి పెట్టి మధ్య సంగీతంలో అతికే పని కూడా ఉంది. ఒకసారి చేశాను, తబలా ఒక్కటే నడిచే చోటు చూసి కోశాను, రాత్రి ఒంటిగంట అయింది. పల్లవి తిరిగి వచ్చినప్పుడు పాడే ఆయన కొత్త శ్రుతి దొరకక తడబడ్డాడు. మీకు ఆ టెన్షన్ వద్దు.

ప్రశ్న: మా భజన బృందంలో కొన్ని పాత భక్తిపాటలకు ట్రాకు పెట్టి, పక్కన మా హార్మోనియం కూడా వాయిస్తాం. శ్రుతి ఐదే, రెండూ ఐదే. అయినా కలిస్తే చెవిలో జోరీగలా గుయ్‌మంటోంది. హార్మోనియం బాగు చేయించాలా?
(భజన బృంద సభ్యుడు, రాయచోటి)

జవాబు: హార్మోనియం మీద చెయ్యి వెయ్యకండి. పాత పాటలు టేపు మీద రికార్డయినవి. టేపు నుంచి టేపుకు ఎక్కించేటప్పుడు యంత్రాల వేగంలో పిసరంత తేడా వచ్చినా శ్రుతి అటో ఇటో జారుతుంది. ఒక మెట్టును 100 భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని సెంటు అంటారు. మీ ట్రాకు ఐదుకు పాతికో ముప్పయ్యో సెంట్లు పక్కకు ఉండి ఉంటుంది. పెట్టె ఒకటే వాయించినా బాగుంటుంది, ట్రాకు ఒకటే విన్నా బాగుంటుంది, కలిస్తేనే గొడవ. ఆ గుయ్‌మనే అల రెండు శ్రుతులూ దగ్గరయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది, కలిసిపోతే ఆగిపోతుంది. చెవికి అదే కొలబద్ద.

ఛేంజ్ పిచ్‌లో సెమీటోన్స్ గడిలో పూర్తి అంకెలే వెయ్యాలనేం లేదు. 0.25 అనో మైనస్ 0.30 అనో వెయ్యొచ్చు. 0.05 చొప్పున మారుస్తూ ట్రాకులో ఒక పొడుగు స్వరం దగ్గర పెట్టె ఐదో మెట్టు నొక్కి పట్టుకోండి. అల ఆగిన చోట ఆ అంకె రాసుకోండి. ఇంత చిన్న మార్పుకు ట్రాకు నాణ్యత పెద్దగా చెడిపోదు.

ఫోన్ నుంచి బ్లూటూత్ బాక్సుకు ట్రాకు పంపేటట్టయితే వైరు కొనుక్కోండి. బ్లూటూత్‌లో ధ్వని కొంచెం ఆలస్యంగా వస్తుంది, మీట నొక్కిన క్షణానికీ పాట వినపడే క్షణానికీ పొంతన ఉండదు.

ప్రశ్న: కంప్యూటర్ లేదు. ఫోన్లోనే మార్చుకోవాలంటే? ఇంకోటి, తబలాను మాత్రం అసలు మార్చకుండా మిగతా సంగీతాన్నే మార్చే వీలుందా?
(ఆర్కెస్ట్రా గాయకుడు, నంద్యాల)

జవాబు: మోయిసెస్ అనే యాప్‌లో పాటను గొంతు, డ్రమ్స్, బేస్, మిగతా వాద్యాలు అని విడదీయొచ్చు, శ్రుతి కూడా మార్చుకోవచ్చు. ఉచితంగా కొంతవరకే, తర్వాత డబ్బు అడుగుతుంది. స్నేహితుడి కంప్యూటర్ దొరికితే అక్కడ వీఎల్‌సీ ప్లేయర్‌లోనే ఆడియో ఎఫెక్ట్స్‌లో పిచ్ సర్దుబాటు ఉంది, పాట నడుస్తుండగానే ఏ మెట్టు కావాలో తేల్చుకోవచ్చు. తేలాక ఆ అంకెతో ఆడాసిటీలో ఫైలు చేసుకోవాలి.

మీ రెండో ప్రశ్న నాకు నచ్చింది. వాద్యాలు విడదీశాక వెస్ట్రన్ డ్రమ్స్ ఉన్న పాటైతే డ్రమ్స్‌ను అలాగే వదిలి మిగతావి జరపండి, దెబ్బ చెక్కుచెదరదు. తబలా అలా కాదు. దాయాన్‌ను, అంటే కుడిచేతి తబలాను, పాట శ్రుతికే కలిపి వాయిస్తారు. పాటను మూడు మెట్లు జరిపి తబలాను పాత చోటే వదిలితే ప్రతి 'తా' దగ్గరా అపస్వరం పలుకుతుంది. మృదంగం కుడివైపూ అంతే. తబలా ఉన్న పాటకు అన్నిటినీ కలిపే జరపండి. డోలక్కు, డప్పు అయితే ఒకసారి రెండు రకాలూ చేసి వినండి.

కీబోర్డుతో మిడి ఫైళ్లు వాయించేవాళ్లకు ఈ బాధ లేదు. అందులో ధ్వని ఉండదు, ఏ మెట్టు ఎప్పుడు నొక్కాలనే అంకెలే ఉంటాయి. ట్రాన్స్‌పోజ్ మీట నొక్కితే అంకెలు మారతాయి, నాణ్యత ఒక్క పిసరు తగ్గదు. డ్రమ్స్ పదో ఛానల్లో ఉంటాయి, వాటిని ట్రాన్స్‌పోజ్ ముట్టుకోదు. ముట్టుకునే చవక సాఫ్ట్‌వేర్ ఒకటి ఒకసారి వాడాను. బేస్ డ్రమ్ ఉండాల్సిన చోట చప్పట్లు వినపడ్డాయి.

ప్రశ్న: సినిమా పాట ట్రాకును రెండు మెట్లు దించి నా గొంతుతో యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ సమస్య రాదని మా మిత్రుడు అంటున్నాడు. నిజమా?
(పాఠకుడు, తాడిపత్రి)

జవాబు: కాదు. శ్రుతి మార్చినంత మాత్రాన బాణీ, సాహిత్యం, రికార్డింగు మీవి కావు.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. స్కూల్లో పాటల పోటీ ఉంది. కిందటి ఏడాది ఇదే పాట ట్రాకుతో హాయిగా పాడాడు. ఇప్పుడు గొంతు ఒకరోజు కీచుగా, ఒకరోజు బొంగురుగా వస్తోంది. ఏ శ్రుతిలో ట్రాకు చేయించమంటారు?
(తల్లి, పులివెందుల)

జవాబు: అమ్మా, బాబుకు గొంతు మారుతోంది. ఇవాళ కుదిరిన శ్రుతి వచ్చే వారం కుదరకపోవచ్చు. ఒక్క ట్రాకు చేయించి దాని మీదే కూర్చోబెట్టకండి. అసలు ఫైలు నుంచి నాలుగు చేయించండి. అసలు శ్రుతి, మైనస్ 2, మైనస్ 3, మైనస్ 5. నాలుగూ పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, పేర్లు తెలుగులోనే రాయండి. గట్టిగా పై స్వరాలు ప్రాక్టీసు చేయించొద్దు, పాట మాటలు, తాళం మీద సాధన చేస్తే చాలు. పోటీ రోజు పొద్దున ఇడ్లీలు తిన్నాక చరణంలో ఆ పై లైను ఒక్కటి నాలుగింటిలోనూ పాడించండి. వాడు మొహం చిట్లించకుండా పాడింది ఏదైతే ఆ ఫైలు పేరు చీటీ మీద రాసి సౌండు అబ్బాయి చేతికి ఇవ్వండి. నోటితో చెప్తే వాడు మర్చిపోతాడు, మాలో చాలామందిమి అంతే.